కాందిశీకుల పిల్లల కథలను ఏడో తరగతికి ఎంతవరకు చదివి వినిపించవచ్చు?

కందుకూరు ఉపాధ్యాయిని:
మా ఏడో తరగతి పిల్లలకు 2018లో వెలువడిన వీరా హీరానందాని నవల ‘ది నైట్ డైరీ’ని రోజుకు కొన్ని పేజీల చొప్పున తెలుగులో చెబుతున్నాను. 1947లో దేశ విభజన వల్ల సింధులోని మీర్‌పూర్ ఖాస్‌ను విడిచిపెట్టవలసి వచ్చిన పన్నెండేళ్ల నిషా, తాను పుట్టినప్పుడే చనిపోయిన తల్లికి డైరీలో రాసుకునే ఉత్తరాలే ఆ కథ. వంటమనిషి కాజీ మీద నిషాకున్న ప్రేమ పిల్లలకు బాగా నచ్చింది. అయితే శరణార్థి అంటే తుపాను షెల్టరుకు వెళ్లినవారేనని అనుకుంటున్నారు. దీనిని ఎలా వివరించాలి? దారిలో ఎదురయ్యే హింసను చదవాలా, దాటవేయాలా?

నెల్లూరు, విశ్రాంత తెలుగు పండితుడు:
అమ్మా, షెల్టరు నుంచే మొదలుపెట్టండి. మూటాముల్లె సర్దుకొని రాత్రికి రాత్రి ఇల్లు విడవడమంటే ఏమిటో మన తీరప్రాంతపు పిల్లలకు తెలుసు. కానీ గాలివాన వెలిశాక మనం తిరిగి వెళ్లి అదే ఇంటి తాళం తీస్తాం. నిషా కుటుంబాన్ని కదిలించినది సాటి మనుషుల వల్ల కలిగిన భయం కనుక, ఆ ఇల్లు మళ్లీ వారిది కాలేదు. బోర్డు మీద ‘కాందిశీకుడు’ అనే పాత మాటను కూడా రాయండి. ‘కాం దిశం’, అంటే ‘ఏ దిక్కుకు పోను’ అనే ప్రశ్నలోంచి పుట్టిన మాట అది. శరణార్థి అన్నప్పుడు ఆశ్రయమిచ్చేవారి గుమ్మం కనిపిస్తుంది, కాందిశీకుడు అన్నప్పుడు దారి తెలియక నిలబడిపోయిన మనిషే కనిపిస్తాడు. 1942లో జపాన్ దాడి వల్ల బర్మాలోని రంగూన్ నుంచి కొండలూ అడవులూ దాటి నడిచివచ్చిన తెలుగువారి గురించీ చెప్పండి. హింసను మాత్రం దాటవేయడమే మేలని నా అభిప్రాయం.

ఒంగోలు, గ్రంథాలయ ఉద్యోగిని:
పండితులవారు మన్నించాలి, చివరి మాటతో ఏకీభవించలేకపోతున్నాను. హింసను పూర్తిగా తీసివేస్తే, నిషా తండ్రి అంతమంచి ఇంటిని ఎందుకు వదిలాడో పిల్లలకు బోధపడదు. ఉదయం పీరియడ్‌లో చదివి, మాట్లాడుకోవడానికి సమయం మిగల్చండి. చివరి గంటలో చదివితే ఆ భయాన్ని ఒంటరిగా ఇంటికి మోసుకుపోతారు. బాగా చిన్నవారికైతే జుడిత్ కెర్ 1971లో ప్రచురించిన నవల ‘వెన్ హిట్లర్ స్టోల్ పింక్ ర్యాబిట్’ తగినది. హిట్లర్ భయంతో 1933లో కుటుంబంతో జర్మనీ విడిచిన యూదు బాలిక అన్నా, రెండు బొమ్మల్లో కొత్త కుక్కబొమ్మను ఎంచుకొని, పాత గులాబీ కుందేలును బెర్లిన్‌లోనే వదిలివస్తుంది. త్వరలో తిరిగివస్తామన్న నమ్మకంతో చేసిన ఆ ఎంపికే నన్ను అన్నిటికంటే ఎక్కువగా బాధపెట్టింది.

కందుకూరు ఉపాధ్యాయిని:
ఇద్దరికీ కృతజ్ఞతలు. సోమవారం మొదటి పీరియడ్‌లోనే ఆ భాగాన్ని చదువుతాను. షెల్టరుకు వెళ్లినప్పుడు ఏం తీసుకెళ్లారో, ఏం వదిలివెళ్లారో ముందుగా పిల్లలనే చెప్పమంటాను.