రోజూ బైబిల్ చదవకపోతే విశ్వాసం లేనట్టేనా?

రాయదుర్గం సోదరి:
అందరికీ వందనాలు. నేను ఇక్కడ జీన్స్ కుట్టే యూనిట్‌లో పని చేస్తాను. ఏడాదిలో బైబిల్ పూర్తి చేయాలని జనవరిలో మా సంఘంలో వాట్సాప్ గ్రూప్ పెట్టారు. రోజూ మూడు అధ్యాయాలు చదివి 'చదివాను' అని పెట్టాలి. పెట్టనివాళ్ల పేర్లు ఆదివారం అందరి ముందూ చదువుతారు. ఆదికాండము ఇష్టంగా చదివాను. నిర్గమకాండములో గుడారం కొలతల దగ్గర నెమ్మదించాను. లేవీయకాండములో బలుల దగ్గర ఆగిపోయాను. పొద్దున ఐదుకు లేస్తే వంట, పిల్లల క్యారియర్లు, ఎనిమిదికల్లా మిషన్ మీద కూర్చోవాలి. రాత్రి పుస్తకం తెరిస్తే కళ్లు మూతలు పడతాయి. మూడు వారాలుగా చదవకుండానే 'చదివాను' అని పెడుతున్నాను. పోయిన ఆదివారం ప్రసంగంలో, రోజూ చదవనివాళ్లు పేరుకే క్రైస్తవులు అన్నారు. అప్పటినుంచి ఒకటే టెన్షన్. ఆ మాట నిజమేనా?

కర్నూలు సంఘపెద్ద:
అమ్మా, ముందు నీ అబద్ధం సంగతి. నువ్వే బయటపెట్టావు, మంచిది. ఇక అసలు ప్రశ్న. రోజూ చదవనివాడు క్రైస్తవుడు కాడని బైబిల్లో ఎక్కడా లేదు. కానీ రోజూ చదవడం చిన్న విషయం అని మాత్రం నేను ఒప్పుకోను. మొత్తం అధ్యాయాలు 1189. మామూలు రోజుల్లో మూడు, ఆదివారం ఐదు చదివితే ఏడాదిలో అయిపోతుంది. మా నాయన నేర్పిన లెక్క ఇది, నలభై ఏళ్లుగా పాటిస్తున్నాను. ఎందుకంటే, మా ఇంటామె ఐసీయూలో ఉన్న రాత్రి నా చేతిలో బైబిల్ లేదు, ఫోన్‌లో చార్జింగ్ లేదు. బయట బెంచీ మీద కూర్చున్నాను. "దేవుడు మనకు ఆశ్రయమును దుర్గమునై యున్నాడు" అని 46వ కీర్తన దానంతటదే నోటికి వచ్చింది. ఆరోజు వెతుక్కుని చదివే ఓపిక నాకు లేదు. అంతకుముందు ఏళ్ల తరబడి చదివి దాచుకున్నదే ఆ రాత్రి నిలబెట్టింది. పౌలు ప్రకటించిన బెరయ అనే ఊళ్లో వాళ్లు ప్రతిరోజూ లేఖనాలు పరిశోధించారని అపొస్తలుల కార్యములు 17లో ఉంది కదా.

కడప టీచర్:
అన్నా, మీ అనుభవాన్ని గౌరవిస్తాను. కానీ బెరయ ఉదాహరణ మనం అనుకునేదాన్ని చూపించదు. అప్పట్లో లేఖనాలంటే చేత్తో రాసిన చుట్టలు. చాలా ఖరీదు. అవి సమాజమందిరంలో ఉండేవి. బెరయ వాళ్లు కూడుకుని విని, చర్చించి పరిశోధించినవాళ్లు. ఎవరింట్లో వాళ్లు ఒంటరిగా కూర్చుని మూడు అధ్యాయాలు చదివి లెక్క చూపినవాళ్లు కాదు. నెహెమ్యా 8లో ఎజ్రా అనే శాస్త్రి ధర్మశాస్త్రాన్ని పొద్దుటినుంచి మధ్యాహ్నం దాకా చదివితే జనం నిలబడి విన్నారు. "వినుట వలన విశ్వాసము కలుగును" అన్నాడు పౌలు. అచ్చుయంత్రం వచ్చింది 15వ శతాబ్దం నడుమ. కొత్త నిబంధన తెలుగులో అచ్చయింది 1818లో. అంతకుముందు పదిహేను వందల ఏళ్లకు పైగా, సొంత బైబిల్ లేని కోట్లమంది పేరుకే క్రైస్తవులా?

మా జేజికి అక్షరం ముక్క రాదు. 23వ కీర్తన, కొండమీది ప్రసంగంలో సగం ఆమె నోట్లో ఉండేవి. చెనిక్కాయలు వొలుస్తూ మాకు చెప్పేది. ఆ గ్రూప్‌లో ఉంటే ఆమె పేరు కూడా ఆదివారం చదివేవాళ్లు. తలుచుకుంటేనే నాకు బాధగా ఉంది.

కర్నూలు సంఘపెద్ద:
తమ్ముడూ, ఒక్కటి అడుగుతా. మీ జేజికి అవి ఎట్లా నోటికొచ్చాయి?

కడప టీచర్:
రాత్రి సంగటి తిన్నాక లాంతరు పెట్టుకుని మా నాయన చదివేవాడు. ఆమె వినేది.

కర్నూలు సంఘపెద్ద:
రోజూనా?

కడప టీచర్:
రోజూనే, అన్నా. వర్షం పడినా, ఇంటికి చుట్టాలొచ్చినా.

కర్నూలు సంఘపెద్ద:
నేను చెప్పేదీ అదే. చదివినా విన్నా, ఒంటరిగా అయినా ఇంటిల్లిపాదీ అయినా నాకు అభ్యంతరం లేదు. రోజూ అన్నది వదలకండి. ఆకలి వారానికోసారి వెయ్యదు.

కడప టీచర్:
ఆ మాట ఒప్పుకుంటున్నాను. నా పోరాటం లెక్కతో, ఆ పేర్లు చదవడంతో. అవి మాత్రం ఒప్పుకోను.

ఆదోని విద్యార్థి:
పేర్లు చదవడం తప్పే. అక్క అబద్ధం చెప్పింది నిజమే, కానీ ఆ అబద్ధం పుట్టింది ఆ పద్ధతిలోనుంచి. మా హాస్టల్లో కూడా ఒకప్పుడు ఇలాగే పోటీ పెట్టుకున్నాం. అందరం వేగంగా చదివాం. ఏం చదివామో ఎవరికీ గుర్తులేదు. వాక్యాన్ని విని ఊరుకోకుండా దాని ప్రకారం నడవమంటాడు యాకోబు. మనం నడిచామా లేదా అని ఏ గ్రూప్‌లోనూ అడగరు.

కువైట్‌లో కడప అక్క:
చెల్లీ, నేను ఇక్కడ ఇంటిపనిలో ఉన్నాను. అంట్లయ్యేసరికి రాత్రి పదకొండు దాటుతుంది. నాకూ మూడు అధ్యాయాలు కుదరలేదు, ఏడ్చాను కూడా. తర్వాత 119వ కీర్తన పట్టుకున్నాను. అందులో 176 వచనాలు. ఎనిమిదేసి చొప్పున 22 భాగాలు. రోజుకొక భాగం. వంటగదిలో స్టూల్ మీద కూర్చుని మెల్లగా, నోరు కదిలిస్తూ చదువుతాను. 22 రోజులకు అయిపోతే మళ్లీ మొదటినుంచి. మూడేళ్లుగా అదే. మా పాప అక్కడ ఇంట్లో అదే భాగం చదివి ఫోన్‌లో వాయిస్ పెడుతుంది. అది వినందే నాకు నిద్ర రాదు.

కర్నూలు సంఘపెద్ద:
తల్లీ, నీ ముందు నా నలభై ఏళ్లు ఏపాటివి.
రాయదుర్గం అమ్మాయీ, లేవీయకాండము వదిలేసి ముందుకు పోవద్దు. బలుల అధ్యాయాలు తర్వాత చూడొచ్చు. నేరుగా 19వ అధ్యాయం తెరువు. ఒక్కటే చదువు. మూడు కాదు.

రాయదుర్గం సోదరి:
నాలుగు రోజుల తర్వాత రాస్తున్నాను. గ్రూప్‌లో నిజం పెట్టేశాను, మూడు వారాలుగా చదవలేదని. కాసేపు ఎవరూ ఏమీ అనలేదు. తర్వాత ఇద్దరు అక్కలు విడిగా ఫోన్ చేసి, మేమూ అంతేనమ్మా అన్నారు. ముగ్గురం కలిసి మా పాస్టర్ అయ్యగారి దగ్గరికి వెళ్లి, పేర్లు చదవొద్దని అడిగాం. ఆలోచిస్తానన్నారు.

పెద్దాయన చెప్పిన 19వ అధ్యాయం మా అమ్మకు పైకి చదివాను. పొలం కోసేటప్పుడు అంచుల దాకా కోయొద్దు, రాలిన పరిగె ఏరుకోవద్దు, బీదలకు వదిలెయ్యమని ఉంది. అమ్మ ఆగమంది. పెళ్లికి ముందు వేరేవాళ్ల చేన్లలో చెనిక్కాయల పరిగె ఏరి వాళ్ల ఇల్లు గడిచిందట. ఇన్నేళ్లలో నాకు ఎప్పుడూ చెప్పలేదు. కొంచెం కిందకు పోతే, కూలివాడి కూలి మరునాటి దాకా నీ దగ్గర ఉంచుకోవద్దని ఉంది. అది రెండుసార్లు చదివించుకుంది. నాకు ఈ నెల కుట్టిన పీసుల కూలి డబ్బులు ఇంకా రాలేదు.

రేపు రాత్రి ఇరవయ్యోది చదవమంది.