ఆర్డీఎస్‌లో (రాజోలిబండ మళ్లింపు పథకం) మన తెలంగాణ వాటా 15.9 టీఎంసీలు కదా, మరి మా పొలం దాకా ఎందుకు రావు?

అలంపూర్ రైతుబిడ్డ:
మాది ఆర్డీఎస్ చివరి ఆయకట్టు. కృష్ణా జలాలు పంచిన బచావత్ ట్రిబ్యునల్ రాజోలిబండకు 17.1 టీఎంసీలు ఇచ్చింది, అందులో కర్ణాటకకు 1.2 పోను మిగతాదంతా మనదే అని చిన్నప్పటి నుంచి వింటున్నా. కాగితం మీద 87,500 ఎకరాలు. మా నాన్న మాత్రం వరి మానేసి బోరు కింద మిరప వేస్తున్నారు, ఎండలు ముదిరితే అదీ టెన్షనే. నీళ్లు ఎక్కడ ఆగిపోతున్నాయి?

కాలువగట్టు:
తమ్ముడూ, తుంగభద్ర మీద రాజోలిబండ ఆనకట్ట ఉన్నది కర్ణాటక రాయచూర్ జిల్లాలో. తూము అక్కడే, కాలువ మొదటి 42 కిలోమీటర్లూ కర్ణాటకలోనే. పూడిక, లైనింగ్ ఊడిన చోట లీకులు, దారిలో మోటార్లు, ఇవన్నీ పోగా సరిహద్దు దాటినవే మనవి. రిపేర్లకు డబ్బు మనం కట్టాలి, పని వాళ్లు చేయించాలి, అందుకే ఏళ్లు పడుతుంది. పైగా 15.9 మొత్తం తుంగభద్ర డ్యామ్ నుంచి వదలరు, చాలా భాగం నదిలో మామూలుగా పారే నీళ్లే, వానలు తగ్గిన ఏడు అది ఉండదు.

కర్నూలు నుంచి:
అన్నా, నీళ్లు రావాలంటే ఆనకట్ట ఎత్తు పెంచాలని మీ తెలంగాణ వైపు అంటుంటారు, ఆంధ్రా వైపు మాకు భయం అక్కడే. నది దిగువన సుంకేసుల బ్యారేజీ మీద మా కేసీ కెనాల్ (కర్నూలు-కడప కాలువ) ఆధారపడి ఉంది, 39.9 టీఎంసీల కేటాయింపు, కానీ కడప వైపు చివరి రైతుకూ మీ నాన్నగారి పరిస్థితే. మీ ఆయకట్టుకు నీళ్లిచ్చే తుమ్మిళ్ల ఎత్తిపోతల పథకం కూడా సుంకేసుల వెనక నీళ్లనే తోడుతుంది కదా.

కాలువగట్టు:
నిజమే, కాదనను. 2014 తర్వాత రెండు రాష్ట్రాల పేచీ మూడు రాష్ట్రాలదైంది. అందుకే నేననేది, ఎత్తు గొడవ పక్కన పెట్టి ముందు రెండు పనులు అడుగుదాం. కేసీకి, ఆర్డీఎస్‌కి ఇండెంట్ (నీళ్లు వదలమని డ్యామ్‌కు పెట్టే కోరిక) ఒకేసారి పెడితే డ్యామ్ నుంచి ధార పెద్దగా వస్తుంది, దారిలో ఇంకిపోయేది తగ్గుతుంది. రెండోది, సరిహద్దు దగ్గర గేజీ రీడింగ్ (కాలువలో పారే నీటి కొలత) రోజూ మూడు వైపుల ఇంజినీర్లూ కలిసి రాయాలి. ఎన్ని క్యూసెక్కులు దాటాయో తెలియకుండా మీటింగుల్లో ఎంత అరిచినా ఏం లాభం?

కర్నూలు నుంచి:
ఇండెంట్ కలిపి పెడదామంటే మా వైపు రైతులూ ఒప్పుకుంటారు, ఖరీఫ్ మొదట్లోనే అడగాలి.

అలంపూర్ రైతుబిడ్డ:
గేజీ సంగతి ఇన్నాళ్లూ మా ఊళ్లో ఎవరూ అడగలేదన్నా. ఈసారి నీళ్ల సంఘం మీటింగులో ముందు అదే అడుగుతా.