నదులు పుట్టే కొండలు కార్బన్‌ను ఆపుతాయా, వదులుతాయా?

తుంగతీరం:
తుంగ, భద్ర, నేత్రావతి పుట్టేది కర్ణాటకలో, కుద్రేముఖ్ కొండల్లోని గంగమూల దగ్గర. ఇలాంటి కొండల్ని కాపాడితే గాల్లోకి పోయే కార్బన్ తగ్గుతుందంటారు. కానీ వాగులే కార్బన్ డయాక్సైడ్ వదులుతాయి కదా! 2013 నాటి ఒక అంచనా ప్రకారం ప్రపంచంలోని వాగులు, నదుల నుంచి ఏటా 180 కోట్ల టన్నుల కార్బన్ పోతోంది. మరి కాపాడి ఏం లాభం?

మట్టిమనిషి:
లెక్క సరే, ఆ గ్యాస్ ఎక్కడిదో కూడా చూడండి. కొండవాగులో కనిపించేది చాలా మటుకు మట్టిలో వేళ్లు, సూక్ష్మజీవులు వదిలిందే. నేలలోని నీళ్లలో కరిగి ఊటతో బయటికొస్తుంది. రాళ్ల మీద నీళ్లు తుళ్లే చోట, సోడా మూత తీసినట్టు, గాల్లో కలుస్తుంది. అది ఎప్పటినుంచో జరిగేదే. మనం పెంచుతున్నది వేరు. అక్కడ కొండ మడతల్లో షోలా అడవి, అంటే గుబురుగా పెరిగే పొట్టి చెట్ల అడవి, మిగతాదంతా గడ్డి. గడ్డినేలల్లో కార్బన్ ఎక్కువగా ఉండేది మట్టిలోనే. గడ్డి పెళ్లగించిన చోట వాన గాడి కోస్తుంది, పైమట్టి వాగులోకి జారుతుంది. సుప్రీంకోర్టు ఆదేశంతో 2005 చివర్లో ఇనుప గనులు మూతపడేదాకా జరిగింది ఇదే.

పూడిక పాపయ్య:
ఆ మట్టే మన తుంగభద్ర డ్యామ్‌ని ముంచింది! 133 టీఎంసీలు పట్టేది, 105కి పడిపోయింది.

తుంగతీరం:
పాపయ్య గారూ, కుద్రేముఖ్ మట్టి ముందు ఆగేది లక్కవల్లి దగ్గర భద్ర డ్యామ్‌లో. తుంగభద్ర డ్యామ్ ఉన్న హోస్పేట దాకా మధ్యలో ఎన్ని పొలాలున్నాయి? అంతా గనుల ఖాతాలో రాస్తే ఎలా? అయినా బురదలో పూడిన కార్బన్ కూడా నిల్వే కదా.

మట్టిమనిషి:
కొంత నిల్వే. కానీ ఆక్సిజన్ అందని బురదలో ఆకులూ అలములూ కుళ్లితే మీథేన్ పుడుతుంది. వందేళ్ల లెక్కలో అది కార్బన్ డయాక్సైడ్ కంటే దాదాపు 28 రెట్లు వేడెక్కిస్తుంది. మట్టి కొండ మీదే ఉంటే ఈ తంటా లేదు.

పూడిక పాపయ్య:
అయితే ఆ గడ్డి కొండలనిండా అకేషియా నాటేస్తే పోలా? మట్టీ ఆగుతుంది, కార్బనూ ఆగుతుంది.

మట్టిమనిషి:
అక్కడే నా గొడవ. గడ్డి తీసి తోటలు వేస్తే, గుంతలు తవ్వినప్పుడే మట్టిలోని కార్బన్ కొంత పోతుంది. ఆపైన చెట్లు గడ్డికంటే ఎక్కువ నీళ్లు తాగుతాయి, వేసవిలో ఊటలు తగ్గుతాయి. అడవి నరికిన చోట అడవి పెంచండి, కాదనను. గడ్డిని ‘ఖాళీ జాగా’గా రాసుకుని మొక్కలు నాటే ప్లాన్‌లకు మాత్రం నేను ఒప్పుకోను.