హైదరాబాద్‌లో ఎలక్ట్రిక్ కారు: గ్రీన్ ప్లేట్ వల్ల నిజంగా మిగిలేది ఎంత?

గుంటూరు టు గచ్చిబౌలి:
అందరికీ నమస్కారం. మాది గుంటూరు, ఉద్యోగం గచ్చిబౌలిలో. మొదటి కారు కొందామని తిరుగుతున్నా. పెట్రోల్ కారు ఎక్స్ షోరూమ్ (రోడ్ ట్యాక్స్, ఇన్సూరెన్స్ కలపని ధర) 12 లక్షలు, నచ్చిన ఎలక్ట్రిక్ కారు 15 లక్షలు. ఈ 3 లక్షల తేడా రాయితీల్లోనే వచ్చేస్తుందని షోరూమ్ అతను గట్టిగా చెప్తున్నాడు. రోడ్ ట్యాక్స్ లేదు, జీఎస్టీ తక్కువ, లోన్ వడ్డీ మీద ఇన్‌కమ్ ట్యాక్స్‌లో లక్షన్నర మినహాయింపు, పైగా గ్రీన్ ప్లేట్ (ఎలక్ట్రిక్ బండ్లకిచ్చే పచ్చ నంబర్ ప్లేట్) ఉంటే ఔటర్ రింగ్ రోడ్ మీద టోల్ కూడా ఉండదట. వీటిలో ఏది నమ్మాలి? ఇంకోటి, రెండేళ్లలో ఊరికి వెళ్లిపోయే ఆలోచన ఉంది, తెలంగాణ (టీజీ) నంబర్‌తో ఏపీలో తిరగొచ్చా?

నిజాంపేట నివాసి:
అసలు లాభం ఒక్కటే, లైఫ్ ట్యాక్స్, అంటే ఒకేసారి కట్టే రోడ్ ట్యాక్స్. 2024 నవంబర్‌లో తెలంగాణ ప్రభుత్వం ఇచ్చిన జీవో 41 ప్రకారం ఇక్కడ కొని ఇక్కడే రిజిస్టర్ చేయించే ఎలక్ట్రిక్ కార్లకు రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా మాఫీ, గడువు 2026 డిసెంబర్ 31. ఇంతకుముందు మొదటి ఇన్ని బండ్లకే అని పరిమితి ఉండేది, దాన్ని తీసేశారు. పెట్రోల్ కారుకి ఈ ట్యాక్స్ ధరని బట్టి ఉంటుంది, మీ 12 లక్షల కారుకి 2 లక్షల పైనే కట్టాలి. కాబట్టి 3 లక్షల తేడా లక్ష లోపుకు దిగుతుంది. ఇది చిన్న విషయం కాదు, కానీ తేడా మొత్తం పోయిందని షోరూమ్ అతను చెప్పడం తప్పు.

జీఎస్టీ 5 శాతమే, నిజమే, కానీ అది ఆ 15 లక్షల్లోనే కలిసి ఉంది, మళ్లీ విడిగా తగ్గింపుగా లెక్కేస్తే ఊరుకోకండి. లోన్ వడ్డీ మినహాయింపు ఇన్‌కమ్ ట్యాక్స్ చట్టం సెక్షన్ 80ఈఈబీ కింద ఉండేది, 2023 మార్చి 31 లోపు మంజూరైన లోన్లకే. ఇప్పుడు తీసుకునే లోన్‌కి రాదు. ఇంకా ఇది చెప్పి కార్లు అమ్ముతున్నారంటే కోపం వస్తుంది. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ప్రీమియంలో మాత్రం 15 శాతం తగ్గుతుంది, అది చిన్న మొత్తమే.

టోల్ సంగతి, ఔటర్ మీద గాని నేషనల్ హైవే మీద గాని ఫాస్టాగ్‌లో డబ్బు కట్ అవుతుంది, ప్లేట్ ఏ రంగైనా సరే. మహారాష్ట్రలో కొన్ని రోడ్ల మీద మాఫీ ఇచ్చారు, ఆ వార్త పట్టుకుని ఇక్కడా ఉందని చెప్తుంటారు.

ఢిల్లీ తెలుగోడు:
ప్లేట్ గురించి నేను చెప్తా. సొంత కారుకి పచ్చ రంగు మీద తెల్ల అక్షరాలు, ట్యాక్సీకి పచ్చ మీద పసుపు అక్షరాలు, 2018 నుంచి దేశమంతా ఇదే రూల్. హైబ్రిడ్‌కి రాదు, అది మామూలు తెల్ల ప్లేటే. మా దగ్గర చలికాలంలో గాలి పాడైనప్పుడు గ్రాప్ (కాలుష్యాన్ని బట్టి దశలవారీగా ఆంక్షలు పెట్టే ప్రణాళిక) మూడో దశ పెడితే పాత కాలుష్య ప్రమాణాలైన బీఎస్ 3 పెట్రోల్, బీఎస్ 4 డీజిల్ కార్లను రోడ్డెక్కనివ్వరు, అప్పుడు పచ్చ ప్లేట్‌ని దూరం నుంచే చూసి వదిలేస్తారు. హైదరాబాద్‌లో అలాంటి ఆంక్షలు లేవు కాబట్టి మీకు ఆ ఉపయోగం కనబడదు.

ఆర్టీవో ఆఫీసు పక్కన:
ఊరికి వెళ్లే ప్రశ్నకి ఎవరూ జవాబివ్వలేదు. వచ్చి పోతుంటే టీజీ నంబర్‌తో ఇబ్బంది లేదు. బండి ఏపీలోనే 12 నెలలకు మించి ఉంటే మాత్రం మోటారు వాహనాల చట్టం సెక్షన్ 47 ప్రకారం అక్కడ రిజిస్ట్రేషన్ మార్చుకోవాలి. ఇక్కడ ఎన్‌వోసీ (అభ్యంతరం లేదనే పత్రం) తీసుకోండి, అక్కడ ఆ రోజున్న రూల్ ప్రకారం ట్యాక్స్ లెక్కేస్తారు. తెలంగాణ మాఫీ మీతోపాటు రాదు. రెండేళ్లలో వెళ్లడం ఖాయమైతే, కారు కొనడం అప్పటిదాకా ఆపి గుంటూరులోనే తీసుకునే లెక్క కూడా వేసుకోండి.

డిసెంబర్ చివరిదాకా ఆగకండి. బుకింగ్ రసీదు చూపిస్తే కుదరదు, గడువు లోపు రిజిస్ట్రేషన్ అయి ఉండాలి, డెలివరీ ఆలస్యమైతే రెండు లక్షల పైనే టెన్షన్.

గుంటూరు టు గచ్చిబౌలి:
చాలా థ్యాంక్స్ అన్నా అందరికీ. అయితే ఫ్యాన్సీ నంబర్ కూడా ఫ్రీనా?

నిజాంపేట నివాసి:
కాదు, దానికి వేలంలో డబ్బు కట్టాల్సిందే. దానికన్నా ముందు మీ అపార్ట్‌మెంట్ అసోసియేషన్ పార్కింగ్‌లో ఛార్జర్ పెట్టుకోనిస్తుందా అడిగి, ఒప్పుకుంటే కాగితం మీద రాయించుకోండి. ఆ కాగితం చేతికి వచ్చాకే అడ్వాన్స్ కట్టండి.