స్థలకాలమా, స్థలకాలాలా?

ప్రశ్న: సాపేక్ష సిద్ధాంతం మీద హైస్కూలు పిల్లల కోసం వ్యాసం రాస్తున్నాను. నేను ‘స్థలకాలం వంగుతుంది’ అని రాస్తే, చూసిపెట్టిన మాస్టారు ‘స్థలకాలాలు వంగుతాయి’ అని దిద్దారు. ద్వంద్వ సమాసం కాబట్టి బహువచనం రావాలట. ఏది ఉంచమంటారు?

జవాబు: తల్లిదండ్రులు, కష్టసుఖాలు... తెలుగులో ద్వంద్వానికి బహువచనమే అలవాటు. మాస్టారి మాట కొట్టిపారేసేది కాదు. అయినా ఇక్కడ నా ఓటు ఏకవచనానికే. సంస్కృతంలో సమాహార ద్వంద్వమని ఒకటుంది. చేతులూ కాళ్ళూ కలిపి ‘పాణిపాదం’ అంటారు, ఏకవచనంలో. విడివిడిగా లెక్కపెట్టరు, మొత్తం ఒకటే. 1908లో జర్మనీలోని కొలోన్‌లో గణితవేత్త మింకోవ్‌స్కీ చేసిన ప్రసంగం సారం కూడా ఇదే: స్థలం, కాలం దేనికది నిలవవు, రెండూ కలిసిందే నిలుస్తుంది. ఈ కలపడం ఐన్‌స్టీన్‌కే మొదట అంతగా రుచించలేదు, అది వేరే కథ.

కలపకపోతే ఏమవుతుందో మ్యూవాన్ చెబుతుంది. ఈ కణం సగటు ఆయుష్షు 2.2 మైక్రోసెకన్లు. కాంతి వేగంతో పోయినా ఆలోపు 660 మీటర్లకు మించి పోలేదు. పుట్టేదేమో 10, 15 కిలోమీటర్ల ఎత్తున. అయినా నేల మీదికి బోలెడు వస్తున్నాయి. మన లెక్కలో దాని గడియారం నెమ్మదిగా నడిచింది. దాని లెక్కలో గడియారం మామూలే, దాటాల్సిన దూరమే కుంచించుకుపోయింది. కాలం దగ్గరా పేచీ, దూరం దగ్గరా పేచీ! కానీ అది పుట్టిన ఘటనకూ నేలను తాకిన ఘటనకూ మధ్య కాలాన్ని కాంతి వేగంతో గుణించి వర్గం చేసి, అందులోంచి దూరం వర్గం తీసేయండి. ఎవరి లెక్కలోనైనా ఒకే సంఖ్య వస్తుంది. ఆ మారనిది స్థలకాలంలో ఆ రెండు ఘటనల మధ్య ఉన్న అంతరమండీ, స్థలాన్నీ కాలాన్నీ కలిపితేనే దొరుకుతుంది.

ఇంకొకరు: స్థలమంటే మా వైపు గజాల్లో అమ్మేది. ‘దేశకాలం’ అంటే పోదా? ‘దేశకాల పరిస్థితులు’ అని రోజూ అంటూనే ఉన్నాంగా.

జవాబు: పాత గ్రంథాల్లో దేశమంటే చోటే, నిజమే. ఇవాళ్టి పిల్లలు మాత్రం ఇండియా అనుకుంటారు. గజాల స్థలమే నయం, కొలిచేదని వెంటనే తెలుస్తుంది.

ప్రశ్న: అయితే ‘స్థలకాలాలు’ ఎక్కడా వాడకూడదా?

జవాబు: న్యూటన్ గురించి రాసేచోట నిక్షేపంగా వాడండి. ఆయన లెక్కలో స్థలం దారి స్థలానిది, కాలం దారి కాలానిది. సూర్యుడి దగ్గర స్థలకాలం వంపు, గురుత్వాన్ని ఆ వంపుగా చెప్పిన ఐన్‌స్టీన్ 1915 నాటి సాధారణ సాపేక్షత వచ్చేసరికి ఏకవచనానికి మారండి. మాస్టారు అడిగితే పాణిపాదం చూపించండి, ఒప్పుకుంటారు.