సమస్యాపూరణం: అతిథి వచ్చిన గడపలోనాపవలయు

నిర్వాహకుడు: ఈ వారం పాదం ఇదీ, ఇదే చివరి పాదంగా తేటగీతి పద్యం రాయాలి:

*అతిథి వచ్చిన గడపలోనాపవలయు*

తైత్తిరీయోపనిషత్తు ‘అతిథిదేవో భవ’ అంది. ఆ మాటకు దెబ్బ తగలకుండా పూరించండి. చుట్టాల మీద రాస్తారో, పత్రికలకు వచ్చే అతిథి వ్యాసాల మీద రాస్తారో మీ ఇష్టం. కరోనా మీద మాత్రం వద్దు, విని విని విసుగొచ్చింది.

డల్లాస్ బావ: బోణీ నాదే.

*కాలి కంటిన దుమ్మును కడుగుకొనగ*
*నీళ్ళ చెంబును తెచ్చెడి నిమిషమైన*
*మంచి మాటల నలరించి మప్పితముగ*
*నతిథి వచ్చిన గడపలోనాపవలయు.*

గడియారం మాస్టారు: ‘మప్పితముగ’ విని ఎన్నాళ్లయిందో! బాగుంది బావగారూ. అయితే డల్లాస్‌లో చెంబు ఎవరు తెస్తున్నారండీ?

డల్లాస్ బావ: కాస్ట్‌కోలో దొరకదు మాస్టారూ, గుంటూరు నుంచి తెచ్చుకున్నదే.

కలంపోటు: నేను ఒక వృత్తి సంఘం పత్రికకు బయటివాళ్ల వ్యాసాలు చూస్తుంటాను. కాబట్టి నా అతిథి వేరే రకం.

*పేరు తనదట, వ్రాతేమొ పెఱల దయ్య!*
*నడుమ దాచెను లింకులు నాలుగైదు*
*వ్యాస రూపాన బేరము వచ్చు వేళ*
*నతిథి వచ్చిన గడపలోనాపవలయు!*

పాలమూరోడు: అక్కా, ‘నడుమ దాచెను లింకులు నాలుగైదు’కు దండం. అచ్చ తెలుగు పదంలా ఒదిగిపోయింది.

గడియారం మాస్టారు: రెండో పాదానికి నేనూ చప్పట్లు కొడతాను. మొదటి పాదం చివర ఆ ‘అయ్య’ ఎవరమ్మా? గణం నింపడానికి పిలిచిన కూలీలా ఉన్నాడు. ‘పెఱలదంట’ అంటే సరిపోయేది కదా.

కలంపోటు: ఒకే పాదంలో ‘తనదట’, ‘పెఱలదంట’ రెండూనా? ఊతపదం తీసి పునరుక్తి ఇస్తున్నారు. అయినా క్రితం నెల తమరి కందంలో ‘వేరు’కూ ‘వేఱు’కూ ప్రాస కలిపినప్పుడు మేమెవరం నోరెత్తలేదు.

గడియారం మాస్టారు: నోరెత్తలేదా? పదిహేడు వ్యాఖ్యలు రాశావు.

డల్లాస్ బావ: శకటరేఫ (‘ఱ’) యుద్ధం మళ్లీ వద్దు బాబోయ్. అమ్మా కలంపోటూ, పాపం లింకుల మీద అంత కోపమెందుకు?

కలంపోటు: కోపం లింకు మీద కాదు బావగారూ, దాచడం మీద. ‘మీ పత్రికకు వీరాభిమానిని’ అని ఉత్తరం మొదలవుతుంది, కింద ఇంకో పత్రిక పేరుంటుంది. జీఎస్టీ వార్షిక రిటర్ను, అదే జీఎస్టీఆర్-9, మీద వ్యాసం అంటారు. దాని గడువు డిసెంబరు 31 అన్న ఒక్క ముక్క తప్ప పనికొచ్చేది ఉండదు, మూడో పేరాలో మాత్రం ఒక లోన్ యాప్ తొంగి చూస్తుంది. ఆ తర్వాత ‘డూ-ఫాలో లింకుకు ఎంత?’ అని బేరం, అంటే గూగుల్ ర్యాంకు లెక్కలోకి వచ్చే లింకు. అప్పట్లో గూగుల్‌లో స్పామ్ విభాగం చూసిన మ్యాట్ కట్స్ 2014 జనవరిలోనే లింకుల కోసం అతిథి వ్యాసాలు రాయడం మానుకోమన్నాడు. డబ్బు తీసుకున్న లింకుకు ‘స్పాన్సర్డ్’ అని గుర్తు పెట్టే ఏర్పాటు 2019లో వచ్చింది. ఆ గుర్తు పెడతాం అనగానే సగం మంది అభిమానులు మాయమైపోతారు.

పాలమూరోడు: మరి నిజంగా రాయగలిగినవాళ్లను ఎట్ల పట్టుకుంటరు?

కలంపోటు: ముందు వ్యాసం అడగను తమ్ముడూ. ఏం చెప్పబోతున్నారో మూడు వాక్యాల్లో రాయమంటాను. ఇంతకు ముందు రాసినవి చూస్తాను. వ్యాసంలో పేరు వచ్చే ఏ కంపెనీతోనైనా జీతమో, వాటానో, ఫీజో సంబంధం ఉంటే రచయిత పరిచయంలో వేస్తామని ముందే చెబుతాను. పని చేసిన మనిషికి మూడు వాక్యాలు కష్టం కాదు. ఫలానా నోటీసుకు ఫలానా జవాబు ఇచ్చాను, ఇలా తేలింది అంటారు. అమ్ముకునేవాళ్లు మాత్రం ‘నేటి పోటీ ప్రపంచంలో’ అని ఎత్తుకుంటారు.

పాలమూరోడు: నేను రాసేవాళ్ల పక్షం. సంపాదకులను కూడా ఆపాలె.

*శీర్షిక మార్చ ముందుగా చెప్పవలయు;*
*మాట తీసిన వ్రాసిన మనిషి కెఱుక*
*చేసి, యతడౌను పొమ్మని చెప్పువఱకు*
*నతిథి వచ్చిన గడపలోనాపవలయు.*

గడియారం మాస్టారు: ‘శీర్షి’ అయ్యాక ‘కమార్చ’ జగణం, అక్కడ ఉండాల్సింది ఇంద్రగణం. ఇంద్రగణాల ఇంట్లోకి జగణం ఎప్పుడు దూరింది నాయనా?

పాలమూరోడు: ‘శీర్షికను మార్చ’ సార్. టైపు చేస్తుంటే ‘ను’ ఎగిరిపోయింది.

గడియారం మాస్టారు: మీ తరానికి ఎప్పుడూ సరిగ్గా గణం తప్పే చోటే అక్షరం ఎగురుతుంది.

కలంపోటు: ‘ను’ దొరికింది కదా, వదిలేయండి మాస్టారూ. భావం చూడండి, అన్నిటికన్నా ఇదే నిజాయితీగా ఉంది. నా పద్ధతి కూడా అదే. వాక్యం కుదిస్తాను, అభిప్రాయం ముట్టుకోను. శీర్షిక మార్చే హక్కు పత్రికది, తెలుసుకునే హక్కు రచయితది. తమ్ముడు మరిచినదొకటుంది: ‘ఔను పొమ్మని’ చెప్పకుండా నెల రోజులు మౌనవ్రతం పట్టేవాళ్ల సంగతేమిటి? గురువారంలోగా జవాబు రాకపోతే తరువాతి సంచికకు తోసేస్తాను. ఒప్పుకోని మార్పులతో మాత్రం అచ్చు వేయను.

డల్లాస్ బావ: మాస్టారూ, అందరి గణాలూ లెక్కపెట్టారు. మీ పద్యమేది?

గడియారం మాస్టారు: తిథి నియమం లేకుండా వచ్చేవాడే అతిథి. దాన్నే పట్టుకున్నాను.

*పుటలు కూర్పయి, యచ్చుకు పోవు వేళ*
*గడువు దాటిన వాడయి కంచె దూకి*
*తిథియె లేనట్టి వ్యాసము తెచ్చు నెడల*
*నతిథి వచ్చిన గడపలోనాపవలయు.*

పాలమూరోడు: అబ్బ! ‘తిథియె లేనట్టి’ మాత్రం అదిరింది సార్.

నిర్వాహకుడు: ఈ వారం విరుపు మాస్టారిదే. సందేహం లేదు.

కలంపోటు: విరుపు ఒప్పుకుంటాను. ‘కంచె దూకి’ ఎందుకు మాస్టారూ? గ-క యతి కోసమేనా? గడపలో ఆపాల్సిన మనిషిని ముందు కంచె దూకించారు. ‘అయ్య’ను కూలీ అన్నారుగా, ఈయనకు రోజు కూలీ ఎంత?

గడియారం మాస్టారు: గేటు దగ్గర మీ పత్రికవాళ్లు పడుకుని ఉంటారు కాబట్టి దూకాడు.

డల్లాస్ బావ: పదిహేడు వ్యాఖ్యలు ఇప్పుడు మొదలవుతాయి.

నిర్వాహకుడు: కావు. వ్యాఖ్యలు మూసేస్తున్నాను. సోమవారం కందపాదం ఇస్తాను, ఱకారం లేనిదే ఎంచుతాను.