జరగండి: ఎవరూ నేర్పకుండానే అందరికీ వచ్చేసిన మాట

తిరుపతి నుంచి:
దేశాల మధ్య ఉమ్మడి భాషగా, ఒక మనిషి కూర్చుని తయారుచేసిన ఎస్పెరాంటో రావాలా, ఇంగ్లీషే చాలా అని మొన్న ఇక్కడ వాదన నడిచినప్పుడు నేను నోరు మెదపలేదు. నిన్న వేలూరు స్నేహితుడి కుటుంబంతో కొండకు పోయొచ్చినాక ఒక మాట నన్ను పట్టుకుని వదలడంలేదు. జరగండి.

బంగారు వాకిలి దగ్గర స్వామికి ఎవరి నోట్లో వాళ్ల పేరు. మనకు వెంకన్న, తమిళులకు పెరుమాళ్, కన్నడిగులకు తిమ్మప్ప, ఉత్తరాది వాళ్లకు బాలాజీ. వరసను ముందుకు నెట్టేవాళ్లు అనే ‘జరగండి’ మాత్రం అందరికీ ఒకటే. దానికి అర్థమేంది అని అడిగిన భక్తుణ్ణి నేనింతవరకు చూడలేదు. భుజం మీద చెయ్యి పడినాక నిఘంటువుతో పనేముంది?

సరే, దీన్ని ఎస్పెరాంటోలో చెప్పి చూద్దామని కూర్చున్నా. ‘మోవి’ అంటే జరపడం. నడుమ ‘ఇజ్’ చేరిస్తే ‘మోవీజి’, అంటే తనంతట తాను జరగడం. మనకు జరుపు, జరుగు ఉన్నట్టే. ఆజ్ఞకు చివర ‘ఉ’ పెడితే ‘మోవీజు’. అట్లాగే ‘మాన్‌జి’ తినడం, ‘మాన్‌జీగి’ తినిపించడం. మన ‘ఇంచు’ చేసే పని అక్కడ ‘ఇగ్’ చేస్తుంది. ముక్కకు ముక్క అతికించే ఈ పద్ధతి ఇంగ్లీషు కన్నా మన చెవికే దగ్గర. పైగా ధాతువు ఎక్కడా చెదరదు. మన దగ్గర ‘అండి’ తగలగానే ‘జరుగు’ కాస్తా ‘జరగ’ అయి కూర్చుంటుంది, అడుగు అడగండి అయినట్టు, తిరుగు తిరగండి అయినట్టు. మనం దంత్యంగా, అంటే నాలుక పళ్లకు తగిలించి పలికే ఆ ‘జ’ను వేలూరు వాళ్లు తాలవ్యం చేసేస్తారు కూడా, ‘జీతం’లో ‘జ’ లాగా. అయినా వరస ఆగదు.

ఈ భాషను తయారుచేసిన జామెన్‌హోఫ్ 1887లో వార్సాలో తొలి పుస్తకం వేసినప్పుడు వ్యాకరణమంతా 16 సూత్రాల్లో చెప్పేసినాడు. ఆయన కళ్ల డాక్టరు. పుట్టింది బ్యావిస్తొక్‌లో. అప్పట్లో అది రష్యా సామ్రాజ్యంలోని ఊరు. యూదులు, పోలిష్ వాళ్లు, రష్యన్లు, జర్మన్లు పక్కపక్కనే ఉండి ఒకరికొకరు పడని చోటు. ఎస్పెరాంటో అన్నది మొదట భాష పేరు కూడా కాదు, ఆ పుస్తకానికి ఆయన పెట్టుకున్న మారుపేరు. ఆశపడేవాడు అని.

ఇంత సులువైన భాష చావలేదు, నిజమే. 1905లో ఫ్రాన్సులోని బులోన్‌లో ప్రపంచ సభ కూడా పెట్టుకున్నారు. కానీ ఇంగ్లీషులాగా ఊరూరా ఎందుకు పాకలేదు? సులువు కష్టాలతో దీనికి సంబంధం లేదేమో అనిపిస్తాంది. వాకిట్లో ఎవరు నిలబడినారో వాళ్ల మాట మనకు దానంతట అదే వస్తుంది. వీసా, ఉద్యోగం, విమానం, కంప్యూటర్, అన్నీ ఇంగ్లీషు వాకిళ్లే. ఎస్పెరాంటోకు అట్లాంటి వాకిలి ఒక్కటీ లేదు.

చిత్తూరు నుంచి:
వాకిలి మాట బాగుంది కానీ, ఒకసారి మా మామిడి మండీకి రాన్నా. తోతాపురి తెచ్చినాయన తెలుగులో ధర చెప్తాడు, కొనేవాడు తమిళంలో తగ్గించమంటాడు, లారీ ఆయన కన్నడంలో తొందర పెడతాడు. బేరం కుదిరిపోతుంది. నడుమ ఇంకో భాష దేనికి? ఆ బ్యావిస్తొక్ ఊరోళ్లకు ఈ తెలివి ఉండింటే డాక్టరుగారికి అంత పని తప్పేది.

పుత్తూరు నుంచి:
ఎస్పెరాంటో అందరికీ సమానం అనేదే నాకు మింగుడుపడదు. నీళ్లు ‘అక్వో’, ఇల్లు ‘దోమో’, పక్షి ‘బిర్దో’. అంతా యూరప్ సరుకే. ఇటలీవాడికి సగం ముందే వచ్చు, మనం అఆల నుంచి మొదలుపెట్టాల. ఇంకొకటి, తండ్రి ‘పాత్రో’, తల్లి ‘పాత్రీనో’. తండ్రికి తోక తగిలిస్తే తల్లి అయిపోయింది! అమ్మకు సొంతంగా ఒక వేరు పెట్టడానికి కూడా చెయ్యి రాలేదా?

తిరుపతి నుంచి:
అమ్మ విషయంలో నాకు జవాబు లేదమ్మా, ఒప్పుకుంటాండా. అక్వో కూడా నిజమే. కాకపోతే ఇంగ్లీషులో రాసేదొకటి, పలికేదొకటి. ఎస్పెరాంటోలో అక్షరానికి ఒకే ధ్వని. ‘బోనా’ మంచిది, ముందు ‘మల్’ పెడితే ‘మల్‌బోనా’, చెడ్డది. ఆసుపత్రికి ‘మల్‌సానులేయో’ అనొచ్చు, అంటే ఒంట్లో బాగలేనోళ్లు ఉండే చోటు. ఒక వేరు పట్టుకుంటే పది మాటలు చేతికొస్తాయి.

మండీ సంగతంటావా, అక్కడ ఒకరితో ఒకరికి అవసరం. దేశాల సభల్లో అట్లా కాదు. 1920ల మొదట్లో, ఐక్యరాజ్య సమితికి ముందున్న నానాజాతి సమితిలో ఎస్పెరాంటోను బడుల్లో నేర్పే మాట వస్తే గట్టిగా అడ్డం పడింది ఫ్రాన్సు. రాయబారుల మధ్య ఫ్రెంచి రాజ్యమేలుతున్న రోజులవి, వాకిట్లో ఉన్నది వాళ్లే మరి. తర్వాత వాళ్లనే ఇంగ్లీషు ‘జరగండి’ అనింది.

రేణిగుంట నుంచి:
అన్నా, ఎస్పెరాంటోలో నువ్వు, మీరు తేడా ఉందా?

తిరుపతి నుంచి:
లేదు. ఇంగ్లీషు ‘యూ’ లాగా ‘వి’ ఒకటే. పిల్లోడికీ ‘మోవీజు’, పెద్దాయనకీ ‘మోవీజు’. మనవాళ్లు నెట్టేటప్పుడు కూడా ‘అండి’ మరవరు.

ఆ ‘అండి’ ఎంత దూరం పోయిందో చెప్తా వినండి. వేలూరు స్నేహితుడి మనవడికి నాలుగేళ్లు, తెలుగు ఒక్క ముక్క రాదు. కొండ దిగేటప్పుడు జీపులో కిటికీ పక్క చోటు కావాలని వాళ్ల తాత తొడ మీద టపటపా కొడతా ఒకటే పాట: ‘జరగండి, జరగండి’.